మోచేయి వెనక నాలుగు వేళ్ళ జాగా

(ఒక ఆదివారం పొద్దున మా స్టేబుల్లో రైడింగ్ నేర్చుకునే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, గుర్రాల్ని చూసుకునే సైసుల ముందు మాట్లాడింది. ఫోన్లో రికార్డ్ చేసింది విని ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. సైస్ అన్నలు బయట నిలబడకండి, లోపలికి వచ్చి కూర్చోండి, ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీరు నాకు నేర్పిందే, ఎక్కడైనా తప్పు చెప్తే అక్కడే ఆపండి.

జీను గురించి అందరూ మాట్లాడతారు. ఏ కంపెనీది, ఎంత పడింది, లెదరా సింథటిక్కా, ఫోటోలు పెట్టి మరీ అడుగుతారు. కానీ ఆ జీనుని గుర్రం మీద నిలబెట్టేది ఛాతీ కింద నుంచి పోయే ఒక్క పట్టీ. మనం గిర్త్ అంటాం, పాత సైసులు తంగు అంటారు. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు, జీను కొన్నాక "దీంతో పాటు ఏదో ఒక గిర్త్ ఇచ్చెయ్యండి" అంటారు అంతే. నేనూ మొదట్లో అట్లనే తెచ్చుకున్నా. దాని వల్ల ఏం జరిగిందో చెప్తా ముందు, ఆ తర్వాత మిగతావి.

మీలో చాలామంది ఎక్కే చుక్క ఉంది కదా, నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న గోధుమరంగు గుర్రం, అది రేసుల్లో పరిగెత్తి రిటైర్ అయ్యి మా దగ్గరికి వచ్చింది. వచ్చాక రెండు నెలలు రెస్ట్ ఇచ్చాం, గడ్డి తిని బాగా ఒళ్ళు చేసింది. జులైలో వానలు మొదలయ్యాక పనిలో పెట్టా. నాలుగైదు రోజులు బానే ఉంది, ఆరో రోజు తంగు బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి, తల తిప్పి నా భుజం మీదికి పళ్ళు చూపించింది. నేను దాని మీద గట్టిగా అరిచా. అప్పుడు మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు, నలభై ఏళ్ళు గుర్రాలతోనే బతికిన మనిషి, మేమంతా చాచా అనేవాళ్ళం. ఆయన ఏం మాట్లాడకుండా వచ్చి తంగు వదులు చేసి, నా చెయ్యి పట్టుకుని ముందు కాలి మోచేయి వెనక, ఆ మెత్తని చర్మం మీద పెట్టాడు. కంటికి ఏం కనపడట్లేదు. చేతికి మాత్రం రూపాయి బిళ్ళంత జాగా వేడిగా తగిలింది, అక్కడి వెంట్రుకలు పట్టులా లేవు, కొసలు విరిగి గరుగ్గా, గడ్డం గీసుకున్న రెండో రోజు చెంప మీద చెయ్యి పెడితే ఉంటది చూడండి అట్లా. చాచా అన్నది నాకు ఇప్పటికీ గుర్తు, "బేటా, నీ కంటికి కనపడేసరికి దానికి వారం నుంచి మండుతుంటది."

అయినా నేను ఆపలేదు. ఆపాల్సింది. క్లాసులు ఉన్నాయి, పిల్లలు వస్తారు అని చెప్పి, ఆ తంగు మీదే మెత్తటి ఉన్ని కవర్ తొడిగి ఇంకో రెండు రోజులు ఎక్కించా. మూడో రోజు జీను దించేటప్పటికి ఆ చర్మం ఊడి కవర్‌కి అంటుకుని వచ్చింది, కింద ఎర్రగా తడిగా మాంసం. ఆరు వారాలు జీను వెయ్యలేదు దానికి. ఇప్పటికీ అక్కడ తెల్ల వెంట్రుకలే వస్తాయి, ఎందుకంటే లోపల రంగునిచ్చే కణాలు పోయాయి, అవి మళ్ళీ రావు. కాసేపాగి చుక్కని బయటికి తెస్తాం, అందరూ చూడండి. ఎప్పుడైనా మీరు గుర్రం కొనడానికి వెళ్తే కూడా మోచేతుల వెనక, వీపు మీద ఇట్లాంటి తెల్ల మచ్చలు ఉన్నాయా చూడండి, పుట్టుకతో వచ్చినవి కాకపోతే ఆ గుర్రాన్ని ముందు ఎట్లా చూసుకున్నారో అవే చెప్తాయి.

సరే, అసలు అక్కడే ఎందుకు అవుతది పుండు? ఛాతీ చుట్టూ అంత పట్టీ ఉంటే ఆ అరచేయంత చోటే ఎందుకు?

మనకి మెడ కింద కాలర్ బోన్ ఉంటది, భుజాన్ని ఛాతీతో కలిపే ఎముక. గుర్రానికి అది లేదు. ముందు కాళ్ళు రెండూ కండరాలతోనే ఛాతీకి అతుక్కుని ఉంటాయి, ఒంటి బరువులో దాదాపు 60 శాతం ఆ ముందు కాళ్ళ మీదే ఉంటది. అంటే కాలు ముందుకి వెనక్కి పోయిన ప్రతిసారీ ఛాతీ కింద కండరాలు, వాటి మీద చర్మం అన్నీ జరుగుతాయి. కావాలంటే ఇప్పుడు మీ చంక కింద చర్మం ఇట్లా రెండు వేళ్ళతో పట్టుకుని చెయ్యి ముందుకి వెనక్కి ఊపండి. ఊపారా? లాగుతోంది కదా. ఇప్పుడు అక్కడ ఒక బెల్టు బిగించి గంటసేపు పరిగెత్తమన్నామనుకోండి. కొత్త చెప్పు కరిస్తే మనం విప్పి చేత్తో పట్టుకుని నడుస్తాం, గుర్రానికి ఆ అవకాశం లేదు, చెవులు వెనక్కి పెట్టి చెప్తది, వినకపోతే కరుస్తది, దానికున్న భాష అదే.

ఇంగ్లాండ్‌లో గుర్రాల మీద ప్రెషర్ మ్యాట్ పెట్టి కొలిచారు, 2013లో ఒక వెటర్నరీ జర్నల్లో వచ్చింది. మనందరం ఛాతీ ఎముక మీద, అంటే సరిగ్గా కింద మధ్యలో, ఎక్కువ ఒత్తిడి పడుతుందనుకుంటాం కదా, అక్కడ కాదు. ఎక్కువ ఒత్తిడి మోచేతుల వెనకే పడుతోంది, రెండు పక్కలా. ఆ ఒత్తిడి తగ్గేట్టు ఆకారం మార్చిన గిర్త్ కట్టి చూస్తే గుర్రం ముందు కాలు ఇంకా ముందుకి చాచింది, కాళ్ళు ఇంకా బాగా మడిచింది. అంటే పుండు పడని గుర్రం కూడా తంగు సరిగ్గా లేకపోతే పొట్టి అడుగులేస్తుంది, మనం మాత్రం బద్ధకం అనుకుని కాలితో పొడుస్తూ ఉంటాం. ఇది చదివిన రోజు నేను చాలాసేపు చుక్క దగ్గరే నిలబడ్డా.

ఇప్పుడు అసలు విషయం. తంగు మీరు పెట్టిన చోట ఉండదు. మోచేయి వెనక ఛాతీ కాస్త సన్నబడే ఒక గాడి ఉంటది, ప్రతి గుర్రానికి ఉంటది, ఒక్కోదానికి ఒక్కో చోట. మీరు ఎంత కొలిచి కట్టినా నాలుగడుగులు నడిచేసరికి తంగు జారి ఆ గాడిలోకే పోయి కూర్చుంటుంది. నీళ్ళు పల్లానికి పోయినట్టు. అందుకే జీను నుంచి వేలాడే పట్టీలు సరిగ్గా ఆ గాడి మీదికి నిట్టనిలువుగా దిగాలి. కొన్ని గుర్రాలకి ఆ గాడి బాగా ముందుకి, మోచేయికి అంటుకుపోయినట్టు ఉంటది, అట్లాంటి దానికి మామూలు తిన్నని తంగు కడితే రెండు నష్టాలు, తంగు మోచేతిని కోస్తది, పైన జీనుని కూడా ముందుకి లాగి భుజం మీదికి ఎక్కిస్తది. అప్పుడు మీరు నమ్దా, అంటే జీను కింద వేసే మెత్త, దాని మీద ఇంకో నమ్దా వేసి జీను జరగకుండా చూస్తారు, తంగు ఇంకా బిగిస్తారు, పుండు ఇంకా తొందరగా వస్తది. చుక్కకి జరిగింది సరిగ్గా ఇదే. దాని ఒళ్ళు చూడకుండా జీను చూసి తంగు కొన్నా నేను.

కాబట్టి కొనేముందు షాపుకి పోకండి, గుర్రం దగ్గరికి పోండి. చదును నేల మీద నాలుగు కాళ్ళు సరిగ్గా పెట్టించి నిలబెట్టి పక్క నుంచి చూడండి, గాడి ఎక్కడుందో చేత్తో తడిమి చూడండి. తంగు ముందంచుకి, మోచేయికి మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. గాడి వెనక్కి ఉంటే తిన్నని తంగు చాలు, దాని కోసం ఎక్కువ డబ్బులు పెట్టక్కర్లేదు. ముందుకి ఉంటే మోచేతుల దగ్గర లోపలికి కోత ఉండి, మధ్యలో ముందుకి వచ్చే ఆకారంలో దొరుకుతాయి, అనటామికల్ అని అమ్ముతారు, అది తీసుకోండి. పోలో వాళ్ళ దగ్గర చూసుంటారు, లెదర్ మధ్యలో మూడు పట్టీలుగా చీలి ఒకదాని మీద ఒకటి అల్లుకుని మోచేయి దగ్గర సన్నగా ఉంటది, బాల్డింగ్ గిర్త్, అది కూడా ఇదే ఆలోచనతో పుట్టింది. పాతకాలం మూడు మడతల లెదర్ తంగు వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మాట, మడత ఉన్న గుండ్రటి అంచు ముందుకి రావాలి, విడి అంచు వెనక్కి. తిరగేసి కట్టినవి చాలా చూశా.

సైజు. ఇది చాలా ఈజీ, అయినా అందరూ అంచనా మీదే కొంటారు. జీను వేసి, ఒక పక్క పట్టీ మధ్య బెజ్జం నుంచి ఛాతీ కింద నుంచి అవతలి పక్క పట్టీ మధ్య బెజ్జం దాకా టైలర్ టేపుతో కొలవండి, వచ్చిన అంగుళాలే మీ సైజు, రెండేసి అంగుళాల తేడాతో దొరుకుతాయి. రెండు పక్కలా బకిల్స్ ఒకే ఎత్తులో ఉండాలి, పైన ఇంకో రెండు బెజ్జాలు మిగలాలి ఎందుకంటే పని పెరిగే కొద్దీ గుర్రం ఒళ్ళు తగ్గుతది, జూన్‌లో సరిపోయిన తంగు డిసెంబర్‌కి పైబెజ్జంలోకి పోయి కూడా వదులుగా ఉంటది. డ్రెసాజ్, అంటే గుర్రంతో కొలిచినట్టు అడుగులేయించే ఆట, ఆ జీనుకి వాడే పొట్టి గిర్త్ దగ్గర ఇంకా జాగ్రత్త, దాని బకిల్స్ కిందికి వస్తాయి కదా, కాస్త పొట్టిదైతే సరిగ్గా మోచేయి ఎత్తులో ఇనుము వచ్చి కూర్చుంటుంది. ఎలాస్టిక్ ఉంటే రెండు పక్కలా ఉండాలి, ఒక్క పక్కే ఉంటే జీను ఆ పక్కకి గుంజుకుంటది. ఎలాస్టిక్‌తో ఇంకో ప్రమాదం, చిన్నపిల్ల కూడా అవసరానికి మించి బిగించెయ్యగలదు.

ఏ మెటీరియల్ మంచిది అని ఇందాక ఒకావిడ అడిగారు, బయట నిలబడి ఉన్నప్పుడు. అమ్మా, శుభ్రంగా ఉన్నది మంచిది, అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు. లెదర్ బాగుంటది, మన దేశంలో కాన్పూర్‌లో తరతరాలుగా గుర్రపు సామాను చేస్తున్నారు, కాన్పూర్ శాడిలరీకి, అంటే అక్కడి గుర్రపు సామానుకి, ఆ ఊరి పేరు మీద ఇచ్చే జిఐ గుర్తింపు కూడా ఉంది, కానీ మన వానాకాలంలో లెదర్‌ని రెండు రోజులు వదిలేస్తే తెల్లగా బూజు పడుతది, తడిస్తే ఎండలో పెట్టి ఎండబెడితే అప్పడంలా అవుతది, నీడలోనే ఆరాలి, గ్లిజరిన్ సబ్బు, కాస్త నూనె పట్టించాలి. నియోప్రిన్, ఆ రబ్బరు లాంటిది, జారదు, కడగడం ఈజీ, కానీ గాలి ఆడదు, మన మే నెలలో దాని కింద చెమట ఉడికిపోతది, కొన్ని గుర్రాలకి అసలు పడదు, తంగు ఎంత వెడల్పో అంత మేర దద్దురు వస్తది. ఉన్ని కవర్ మెత్తగా ఉంటది, ఒక్క రైడ్‌కే చెమట, వెంట్రుకలు, గడ్డిపరకలు అన్నీ పీల్చుకుంటది, రోజూ ఉతికే ఓపిక ఉంటేనే పెట్టుకోండి. నైలాన్ తాళ్ళ తంగుకి గాలి బాగా ఆడుతది, తాళ్ళ మధ్య చర్మం ఇరుక్కోకుండా చూసుకోవాలి. నేనైతే సెన్సిటివ్ గుర్రాలకి రెండు తంగులు పెడతా, ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద.

శుభ్రం అని ఎందుకు ఇంతగా అంటున్నానంటే, గుర్రం చెమట మన చెమట లాంటిది కాదు. దాని రక్తంలో ఉన్నదానికంటే చెమటలో ఉప్పు ఎక్కువ. అందులో ఒక ప్రోటీన్ కూడా ఉంటది, సబ్బులాగా నురగ తెప్పిస్తది, రుద్దుకున్న చోటల్లా తెల్లటి నురగ చూస్తారు కదా అదే. ఆ చెమట తంగు మీద ఆరిపోతే ఉప్పు గడ్డకట్టి మర్నాటికి గరుకు కాగితం తయారవుతది. దాన్నే మళ్ళీ కడతాం. నిన్నటి తంగుని కట్టేముందు ఒకసారి మీ ముంజేతి లోపలి వైపు పది సార్లు గట్టిగా రుద్దుకోండి. మీకు మంట పుడితే దానికీ పుడుతది.

సరే, కట్టడం. ముందు ఖరారాతో, అంటే బురద రాల్చే పళ్ళ బ్రష్‌తో, తర్వాత మెత్తటి బ్రష్‌తో తంగు వచ్చే చోటంతా, ముఖ్యంగా రెండు కాళ్ళ మధ్య, బురద లేకుండా చెయ్యాలి. అక్కడ పిడుదులు కూడా ఉంటాయి వానాకాలంలో, చేత్తో తడమండి. జీను కొంచెం ముందుగా పెట్టి వెంట్రుకల వాలులో వెనక్కి జరపాలి, వెనక నుంచి ముందుకి తోస్తే వెంట్రుకలు ఎదురు తిరిగి తంగు కింద నలుగుతాయి. తంగు ఒకేసారి బిగించకండి. మొదట జీను జారకుండా ఉండేంత, కాసేపాగి ఇంకో బెజ్జం, బయటికి నడిపించాక ఇంకోటి. ఆ తర్వాత ఎక్కేముందు రెండు ముందు కాళ్ళనీ మోకాలి కింద పట్టుకుని మెల్లగా ముందుకి చాపాలి, ఎత్తుగా లాగకూడదు, మెల్లగా. చీర కుచ్చిళ్ళు సర్దినట్టు తంగు కింద ముడతపడ్డ చర్మమంతా అప్పుడు సాఫీ అవుతది. పది సెకన్ల పని. మా దగ్గర ఇది చెయ్యకుండా ఎవరినీ ఎక్కనివ్వం, పెద్దాచిన్నా తేడా లేదు, పిల్లలు నన్ను తిట్టుకున్నా పర్లేదు.

బిగింపు ఎంత అని చూడటానికి చాలామంది పక్కన, డొక్క దగ్గర వేళ్ళు పెడతారు. అక్కడ ఎప్పుడూ వదులుగానే అనిపిస్తది. కింద, రెండు కాళ్ళ మధ్య, ఛాతీ ఎముక దగ్గర పెట్టి చూడండి, రెండు వేళ్ళు చదునుగా, కాస్త కష్టంగా దూరాలి. మరీ వదులైతే ప్రమాదం, జీను తిరిగిపోతది, పైగా కదిలి కదిలి రాపిడి ఎక్కువవుతది. మరీ బిగువైతే ఏమవుతదో ఆస్ట్రేలియాలో రేసు గుర్రాలని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూశారు, తంగు బిగించేకొద్దీ గుర్రం తొందరగా అలిసిపోయింది. పది నిమిషాలు నడిచాక మళ్ళీ ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, రెస్ట్ తర్వాత పనిలోకి వచ్చే గుర్రం. రెండు నెలలు ఖాళీగా ఉన్నాక చర్మం మెత్తబడుతది, కింద కొవ్వు చేరుతది, అందుకే పాత కాలం నుంచీ సైసులు రెండు వారాల ముందు నుంచే ఆ చోటుకి ఉప్పునీళ్ళో సర్జికల్ స్పిరిటో రాసి చర్మాన్ని గట్టిపరిచేవాళ్ళు. చర్మం చిట్లకుండా ఉన్నప్పుడే రాయాలి, చిట్లిన చోట స్పిరిట్ పొయ్యడమంటే హింసే. దాంతోపాటు మొదటి వారం ఇరవై నిమిషాలు నడక, అంతే.

ఒక గుర్రం తంగు ఇంకో గుర్రానికి కట్టకండి. ఇది సైస్ అన్నలకి ప్రత్యేకంగా. తామర, రింగ్‌వార్మ్ అంటారు, అది తంగుల మీద నుంచే ఒకదాని నుంచి ఇంకోదానికి పోతది, మన చేతులకీ వస్తది. రాపిడి పుండు తంగు అంచు వెంబడే ఉంటది, తామర అయితే గుండ్రటి మచ్చలుగా వెంట్రుకలు ఊడి, పొక్కుల్లా, తంగు తగలని చోట కూడా కనపడుతది. డౌట్ వస్తే డాక్టర్ని పిలవండి. అట్లనే చర్మం బానే ఉన్నా తంగు కట్టేటప్పుడల్లా కరవడానికి వస్తుంటే దాన్ని కొట్టకండి, కడుపులో అల్సర్ ఉన్నా, వీపు నొప్పి ఉన్నా అట్లనే చేస్తది.

పుండు పడిందా, జీను బంద్. కవర్లు, దిండ్లు, గుడ్డలు చుట్టడాలు ఏం వద్దు, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో ఒక చెంచా ఉప్పు కలిపి కడగండి, మెత్తగా అద్ది ఆరనివ్వండి, పైపై రాపిడి అయితే జింక్ ఆక్సైడ్ క్రీమ్ చాలు. లోతుగా ఉంటే, వాస్తే, చీము పడితే డాక్టరే. ఈగలు వాలకుండా చూడాలి, మన దగ్గర ఒక్క రోజులో పురుగులు పడతాయి. ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూసుకోండి, ఆ జబ్బు తొందరగా తగిలే జంతువుల్లో గుర్రం ముందుంటది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పుండు మీద పూసేవాళ్ళని కళ్ళారా చూశా, దయచేసి వద్దు. చర్మం పూర్తిగా మాని వెంట్రుకలు వచ్చేదాకా చేత్తో పట్టుకుని నడిపించండి, లంజింగ్ చెయ్యండి, అంటే పొడుగు తాడు పట్టుకుని మన చుట్టూ గుండ్రంగా తిప్పడం, జీను లేకుండా చేసే పని బోలెడుంది. చట్టం సంగతి కూడా చెప్తా, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లో ఇది ఉంది, గాయం, పుండు వల్ల పనికి తగని జంతువుతో పని చేయించడం నేరం. పుండు అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. క్లాసు ఫీజు కట్టాం కదా అని పిల్లల్ని ఎక్కించమనే అమ్మానాన్నలు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇదంతా డబ్బున్నవాళ్ళ గోల అనుకునేవాళ్ళు ఉంటారు. పాడేరు ఏజెన్సీలో కొండ మీది ఊళ్ళకి ఇప్పటికీ గుర్రాల మీద సరుకులు మోస్తారు, సంతకి పోతారు. వాళ్ళకి అనటామికల్ గిర్త్ ఎవరు కొనిస్తారు? నైలాన్ తాడైనా సరే, దాన్ని విడిగా కట్టకుండా వెడల్పాటి గోనె పట్టీ మీద కుట్టి, కింద ఉతికిన నూలు బట్ట వేసి, మోచేతికి నాలుగు వేళ్ళు వదిలి కడితే చాలా పుండ్లు తప్పుతాయి. సన్నటి తాడు కత్తిలా దిగుతది, అదే బరువు వెడల్పు పట్టీ మీద పరుచుకుంటది. బీచ్‌లో, పెళ్ళి ఊరేగింపుల్లో చూసే గుర్రాలకీ ఇదే. మీరు ఎక్కేముందు ఒక్కసారి వంగి మోచేయి వెనక చూడండి, పచ్చిగా ఉంటే ఎక్కకండి, ఎందుకు ఎక్కట్లేదో ఆ యజమానికి మర్యాదగా చెప్పండి. నేను చెప్పిన చోట కొందరు నా మీద అరిచారు, ఇద్దరు మాత్రం అక్కడికక్కడే తంగు విప్పారు.

సరే, ఎండెక్కకముందే చుక్కని తీసుకురమ్మందాం. అన్నా, జీను లేకుండానే తీసుకురా. పిల్లలూ, ఒక్కొక్కళ్ళే రండి, ఎడమ పక్క నుంచి, అది మిమ్మల్ని చూసేట్టు, వెనక నుంచి ఎవరూ రావద్దు. ముందు మెడ మీద చెయ్యి పెట్టి పలకరించండి. అక్కడి నుంచి చెయ్యి తియ్యకుండా భుజం మీదుగా మోచేయి వెనక్కి దింపండి... ఆఁ, అక్కడే. ఆ తెల్ల వెంట్రుకల కింద చర్మం పక్కదానికంటే కొంచెం మందంగా తగులుతోందా? ఇప్పుడు అవతలి పక్కకి వెళ్ళి బాగున్న చోట కూడా పెట్టి చూడండి.